మందులత్త ‘మీరు’ అన్న చోటు

ఇవాళ పొద్దున్నుంచీ మా ఇంట్లో ఆముదం వాసన. మా చిన్నవాడికి కళ్ళు ఎర్రబడ్డాయి. వేడి చేసిందని మా ఆవిడ వాడి మాడుకూ అరికాళ్ళకూ ఆముదం పట్టించింది. వాడు ఆ జిడ్డు కాళ్ళతోనే ఇల్లంతా తిరిగి రెండుసార్లు జారిపడ్డాడు. గిద్దలూరు ఎండల్లో ఈ వాసన లేని ఇల్లు ఉండదు. మా పడమటి ప్రకాశం వాళ్ళకు ఏ జబ్బయినా ముందు వేడే. కళ్ళు మండితే వేడి, కడుపు నొస్తే వేడి, ముక్కులోంచి రక్తం వస్తే వేడి, పిల్లవాడు పరీక్ష తప్పినా తలకు వేడెక్కిందనే అంటారు. మజ్జిగ తాగు, సబ్జా గింజలు నానబెట్టుకో, ఆముదం పెట్టుకో అంటారు, దాంతో వైద్యం పూర్తయినట్టే. నేనూ అలాగే పెరిగాను. ఇరవయ్యొక్కేళ్ళ వయసులో ఆ ఒక్క మాట చాటున దాక్కుని, నన్ను నమ్మిన అమ్మాయి బతుకు పాడు చేయబోయాను. ఆ చాటు నుంచి నన్ను చెవి పట్టుకుని బయటికి లాగిన మనిషి మందులత్త.

ఆమె అసలు పేరు మార్కాపురంలో సగం మందికి తెలియదు, నేనూ రాయను. వ్యాపారం చేసే శెట్టిగారింటి కోడలు. పెళ్ళికి ముందే డి.ఫార్మసీ చదువుకుంది. మామగారు పెట్టిన మందుల దుకాణాన్ని ఆయన తర్వాత ముప్పయ్యేళ్ళు తనే నడిపింది. మా డిగ్రీ కాలేజీకి పోయే దారిలో, పలకరాయి మెట్లున్న దుకాణం అది. మనిషి పొట్టి, కౌంటర్ మీదుగా తలా భుజాలూ మాత్రమే కనిపించేవి. గొంతు మాత్రం రోడ్డుకు అవతల టీ బంకు దాకా వినిపించేది. ఎవడైనా వెళ్ళి తెల్లబడే క్రీము అడిగితే, “మీసం మొలవని మొఖానికి క్రీమేంది అల్లుడా! సబ్బు పెట్టి కడుక్కో పో” అని తరిమేసేది. ఇలా అయితే దుకాణం నడిచినట్టేనని పక్క కొట్టాయన నవ్వేవాడు. అయినా ఆ మెట్ల మీద జనం ఎప్పుడూ ఉండేవారు.

మా వైపు ముక్కూ మొహం తెలియని మనిషినైనా ఏదో ఒక వరస పెట్టి పిలవందే నోరు పెగలదు. కాలేజీ మగపిల్లలందరికీ ఆమె అత్త, మేమంతా అల్లుళ్ళం. ఆడపిల్లలకు పెద్దమ్మ. కొనకనమిట్ల దగ్గర మా పల్లె నుంచి మా నాయన మోకాళ్ళ నొప్పుల మందుకోసం వస్తే, గొర్రెలు మేపుకునే ఆయనకు ఆమె చెల్లెలు. “ఏం అన్నా, ఈసారి ఈత బాగుందా, ఎన్ని పిల్లలు బతికినయి?” అని గొర్రెల క్షేమం అడిగి గానీ మందు ఇచ్చేది కాదు. పల్లె నుంచి వచ్చిన మాకు ఆ పిలుపు ఎంత ధైర్యమో చెప్పలేను. కొత్త ఊళ్ళో మనవాళ్ళెవరో ఉన్నట్టుండేది.

ఆ వరసే మా కొంప ముంచింది. మా రూములో నలుగురం ఉండేవాళ్ళం. ఒక్కడికీ దగ్గు లేదు. కానీ మా కిటికీలో దగ్గు మాత్రల అట్టలు గుట్టగా పడి ఉండేవి. ఎందుకంటే, మాలో ఎవడో ఒకడు గుండె చిక్కబట్టుకుని కండోమ్ కొనడానికి మందులత్త దుకాణానికి వెళ్ళేవాడు. అలవాటుగా “అత్తా” అని పిలిచేవాడు. ఆమె “ఏం కావాల అల్లుడా? మీ అమ్మకు కాళ్ళవాపు తగ్గిందా?” అని అడిగేది. అమ్మ కాళ్ళవాపు తర్వాత ఇక ఆ మాట ఎలా వస్తుంది? “దగ్గు మాత్రలత్తా” అనేవాడు. వేరే దుకాణాలు లేక కాదు. అక్కడ అలాంటి వస్తువును కాగితంలో చుట్టి, నల్ల కవర్లో వేసి, అటూ ఇటూ చూసి ఇచ్చేవారు. చేతిలో ఆ నల్ల కవర్ ఉంటే లోపలేముందో వీధి వీధంతటికీ తెలిసిపోయేది. నేను కూడా రెండుసార్లు వెళ్ళి రెండుసార్లూ దగ్గు మాత్రలతో తిరిగొచ్చాను. అప్పుడు దాన్ని తలచుకుని పడీ పడీ నవ్వుకున్నాం.

నవ్వు ఎంతోకాలం నిలవలేదు. ఫైనలియర్ మొదట్లో నెలరోజుల కోచింగ్‌కని ఒంగోలు వెళ్ళాను. అక్కడ పెద్దగా పరిచయం లేని ఒకామెతో ఒకసారి దగ్గరయ్యాను. ఆమె తప్పని ఎప్పుడూ అనను. జాగ్రత్త లేనిది నాకు. అప్పటికే కాలేజీలో నాకూ ఒకమ్మాయికీ రెండేళ్ళ ప్రేమ. ఆమె పేరూ ఊరూ కూడా రాయను, ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది. నేను తిరిగొచ్చాక మేమిద్దరం ఇష్టపడే దగ్గరయ్యాం. ఒంగోలు సంగతి ఆమెకు తెలియదు. కిటికీలో దగ్గు మాత్రలున్నాయి, అవసరమైనది లేదు. కొన్నాళ్ళకే మూత్రానికి పోతే మంట మొదలైంది. నాకు నేను చెప్పుకున్నది ఒకటే మాట, వేడి చేసింది.

పల్లెకు వెళితే అమ్మ, “ఏంది నాయనా ఇట్ల పీక్కపోయినావు, ఒళ్ళంతా వేడిగుంది సూడు” అని చెంబులకు చెంబులు మజ్జిగ తాగించింది. బొడ్డులో ఆముదం పెట్టింది. మా నాయన ఒక మూల కూర్చుని, “ఎండలో గొర్రెల ఎంట తిరిగేది నేను, వేడి చేసింది వీనికి” అని గొణిగాడు. మందులత్త దగ్గర మంట తగ్గించే సిరప్ రెండు సీసాలు కొని తాగాను. తాగినప్పుడు కాస్త నెమ్మదించి మళ్ళీ మొదలయ్యేది. మూడో సీసా కోసం ఒక మధ్యాహ్నం వెళ్ళాను. దుకాణంలో ఎవరూ లేరు. ఆమె సీసా తీసింది కానీ నా చేతికి ఇవ్వలేదు.

“ఇది మూడోది. ఏ వేడి ఇది?”

“ఎండలకత్తా.”

“వానలు పడబట్టి పది రోజులాయె. ఏ ఎండ? ఇట్ల రా.”

కౌంటర్ చివర ఇంజెక్షన్లు పెట్టే పెద్ద ఫ్రిజ్ ఉండేది. దాని పక్కన నిలబడితే రోడ్డు మీదికి కనపడం, ఫ్రిజ్ రొదకు మాట బయటికి పోదు. నేను వెళ్ళి నిలబడ్డాను. ఆమె ఎదురుగా వచ్చి, రోజూ మాట్లాడే గొంతే కాదన్నట్టు, మెల్లగా అడిగింది. “మీ పేరేందండీ?”

నాకు మతి పోయింది. నా పేరే కాదు, మా మందలో ఎన్ని గొర్రెలున్నాయో కూడా తెలిసిన మనిషి ఆమె. “నీకు తెలుసు గదత్తా” అన్నాను.

“ఇక్కడ అత్తా లేదు, అల్లుడూ లేదు. నేను మందులమ్మే మనిషిని, మీరు జబ్బుతో వచ్చిన మనిషి. సిగ్గుపడకుండా చెప్పండి. మంట ఒకటేనా, చీము కూడా పడుతోందా?”

ఇరవయ్యొక్కేళ్ళు వచ్చినా అప్పటిదాకా నన్ను ‘మీరు’ అన్నవాళ్ళు లేరు. బస్సు కండక్టర్ నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరికీ నేను ఒరే, ఏరా, అబ్బాయ్. ఆ ‘మీరు’ వినగానే నా ముందు నిలబడింది అత్త కాదనిపించింది. ఎవరో చదువుకున్న పరాయి మనిషి, నన్నొక పెద్దవాడిగా చూసి అడుగుతోంది. అత్తకు చచ్చినా చెప్పలేనిది ఆ మనిషికి చెప్పగలిగాను. చీము సంగతి, ఒంగోలు సంగతి, అన్నీ చెప్పాను. కండోమ్ వాడలేదా అని అడిగింది. “కొనేదానికి మీ దగ్గరికే వచ్చినానండీ. దగ్గు మాత్రలు తీసుకొని పోయినా” అన్నాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె తల పట్టుకుని అక్కడున్న స్టూలు మీద కూలబడింది. మా అల్లుళ్ళందరి దగ్గూ ఆమెకు అప్పుడు అర్థమైనట్టుంది.

“నేనే రెండు మాత్రలు ఇయ్యొచ్చు. మంట పోతది, రోగం లోపల్నే ఉంటది” అంటూ చీటీ మీద సర్కారు ఆస్పత్రిలో కలవాల్సిన డాక్టరు పేరు రాసింది. “రక్తపరీక్షలన్నీ చేయించుకోండి. హెచ్‌ఐవీ కూడా.” నా మొహం పాలిపోయి ఉంటుంది. వెంటనే అంది, “పరీక్ష చేసేదాకా మీకూ తెలీదు, నాకూ తెలీదు. ఏదొచ్చినా మందుంది. దీన్ని సుఖరోగమంటారు. పేరు పెట్టినాయన ఎవరో గానీ, దీంట్లో సుఖమేడుంది చెప్పండి!” అంత భయంలోనూ నవ్వాను. ఎవరైనా మందలిస్తారని, ఛీ అంటారని నెలరోజులుగా కుళ్ళిపోతున్నవాడిని. ఆమె ఒక్క మాట కూడా అనలేదు.

హెచ్‌ఐవీ లేదన్నారు, మూడు నెలల తర్వాత మళ్ళీ చేస్తే అప్పుడూ లేదనే వచ్చింది. వచ్చిన జబ్బు మందులకు లొంగేదే. ఒక ఇంజెక్షనూ కొన్ని మాత్రలూ, వారానికి మంట పోయింది. ఆ సంతోషంలో దుకాణానికి పరిగెత్తాను. ఆమె నన్ను మళ్ళీ ఫ్రిజ్ పక్కకు తీసుకుపోయింది.

“ఇంకో మనిషి ఎవరన్నా ఉన్నారా? ఒంగోలు నుంచి వచ్చినాక?”

ఉందన్నాను. పేరు అడగలేదు. “ఆమెకు చెప్పినారా?”

“ఆమెకేం లేదండీ. బాగనే ఉంది.”

“ఆడవాళ్ళకు బయటికేం కనపడదు. లోపల గర్భసంచి దాకా పాకినాక తెలుస్తది. అప్పటికి పిల్లలు పుట్టే దారి మూసుకుపోయుంటది.”

“చెప్తే నన్ను వదిలేస్తది.”

ఏదో ధైర్యం చెబుతుందనుకున్నాను. “వదిలేస్తది. నేనైనా వదిలేస్తా” అంది. “మీ పరువు పోతే నాలుగు నాళ్ళు. ఆమెకు కడుపు పండకపోతే బతుకంతా జనం నోట్లో నానాల. అసలు ఎందుకిట్లయిందో కూడా ఆ పిల్లకు తెలీదు. తెలిసినోడివి నువ్వొక్కడివి, నోరు మూసుకొని ఇంకో ఊళ్ళో ఉంటావు.” కోపంలో మీరు కాస్తా నువ్వయింది. అది గమనించి గొంతు తగ్గించింది. తర్వాత తన సంగతి చెప్పింది. చాలా ఏళ్ళ కిందట నాలాంటివాడే ఒకడు ఆరునెలల పాటు వేడి సిరప్ కొనుక్కుపోయాడట. ఆమెకు అనుమానం వచ్చింది. కానీ అత్తా అని పిలిచే పిల్లవాడిని ఆ మాట ఎలా అడగాలని ఊరుకుంది. వాడి పెళ్ళికి వెళ్ళి అక్షింతలు వేసింది, భోజనం చేసింది. కొన్నేళ్ళకు ఆ పెళ్ళికూతురే దుకాణం మెట్లెక్కి, పిల్లలు కలగడానికి మందేమైనా ఉందా పెద్దమ్మా అని అడిగింది.

“ఏమని చెప్పాల? ఆ సీసాలమ్మింది నేనే గదా. అప్పటినుంచే ఈ ఫ్రిజ్ పక్క కతంతా. వరస పెట్టుకొని ఈ మాటలు అడగలేం, అడక్కపోతే పాపం చుట్టుకుంటది. పొండి. ఆమెకు చెప్పి రాండి.”

మూడు రోజులు తిరిగాను. చెప్పకుండా ఆమెకు మాత్రలు ఎలా తినిపించాలని కూడా ఆలోచించాను, అంత పిరికివాడిని. నాలుగోరోజు కాలేజీ బాటనీ ల్యాబు వెనక మెట్ల మీద చెప్పాను. ఆమె చేతిలో రికార్డు పుస్తకం ఉంది. నేను చెబుతున్నంతసేపూ దాని అట్ట అంచును గోటితో గీరుతూ ఉంది.

“నాతో ఉన్నప్పుడు నీకు తెలుసా?”

“తెలీదు. దేవుని మీద ఒట్టు.”

“ఒంగోలుకు పోయింది తెలుసు గదా నీకు?”

ఆమె ఏడవలేదు. నన్ను కొట్టి ఉంటే బాగుండేది. “ఎక్కడ సూపిచ్చుకోవాల?” అని అడిగింది. మందులత్త దగ్గరికి వెళ్ళమన్నాను, ఫ్రిజ్ పక్కకు రమ్మంటే భయపడొద్దన్నాను. ఆమె లేచింది. “ఇంక నాకు కనపడొద్దు. నా గురించి ఎవరి దగ్గరా ఎత్తొద్దు. నువ్వు నా పేరు తలిచినా ఊళ్ళో నాకే చెడ్డ. ఇది ఒక్కటన్నా చెయ్యి” అని వెళ్ళిపోయింది. నేనా మెట్ల మీదే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

రెండు రోజుల తర్వాత దుకాణం మూసి ఉంది. పండగ లేదు, ఇంట్లో చావు లేదు. ఆమె పగటిపూట దుకాణం మూయడం మేమెప్పుడూ చూడలేదు. కంటి పరీక్షకని నంద్యాల వెళ్ళిందని పక్క కొట్టాయన చెప్పాడు. మరునాడు చూస్తే కళ్ళజోడు పాతదే. ఆ అమ్మాయిని తెలిసినవాళ్ళ కంటబడకుండా దూరం తీసుకుపోయి చూపించిందేమోనని నా ఊహ. ఊహే. నేను మెట్లెక్కగానే ఆమె, “ఏం అల్లుడా, అన్నం తిన్నావా? మీ నాయన మోకాళ్ళెట్లున్నయి?” అని రోడ్డంతా వినిపించేలా అడిగింది. ఫ్రిజ్ పక్క జరిగింది ఈ అత్తకు తెలియనే తెలియదన్నట్టు ప్రవర్తించేది. ఆ తర్వాత ఎన్నేళ్ళు పరిచయమున్నా ఒక్క చూపులో కూడా దాన్ని గుర్తు చేయలేదు. అలాంటి మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆ ఏడే ఆమె దుకాణంలో ఒక మార్పు వచ్చింది. కౌంటర్ కింద ఉండే కండోమ్ పెట్టెలను తెచ్చి పళ్ళపొడి డబ్బాల పక్కన పెట్టింది. ఎవరికి వారు తీసుకుని బల్ల మీద పెడితే చాలు, నోరు తెరవక్కర్లేదు. దగ్గు మాత్రలకైనా, పళ్ళపొడికైనా, దానికైనా ఒకటే గోధుమరంగు కవరు. ఆడమనిషి దుకాణంలో ఇదేం పద్ధతని పెద్దమనుషులు కొందరు వచ్చి అడిగారు. “పళ్ళపొడి అమ్మితే తప్పు లేదా? అదీ ఒంటికే, ఇదీ ఒంటికే. మీకేమన్నా కావాలా బావా, సిగ్గుపడొద్దు” అందట. వాళ్ళు మళ్ళీ ఆ మెట్లెక్కలేదు.

నేను ఎమ్మెస్సీ చదివి లెక్చరర్‌నయ్యాను, గిద్దలూరులో బాటనీ చెబుతాను. ఇప్పటి పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి, చూడకూడనివన్నీ చూస్తారు. కానీ జబ్బొస్తే మాత్రం ల్యాబు గుమ్మం దగ్గర నిలబడి, “వేడి చేసింది సార్” అనే అంటారు. నేను తలుపు దగ్గరికి వేసి, కుర్చీ చూపించి, ‘మీరు’ అని మొదలుపెడతాను. వాళ్ళు బిత్తరపోతారు, తర్వాత చెబుతారు. కొందరు చెప్పరు, మళ్ళీ రారు కూడా. మందులత్త అయితే వాళ్ళను వీధిలో పట్టుకుని లాక్కొచ్చేది. నాకు అంత చేతకాదు. పెళ్ళి కుదిరినప్పుడు మాత్రం ఒక పని చేయగలిగాను. నా పాత సంగతంతా మా ఆవిడకు ముందే చెప్పాను. ఆమె రెండు రోజులు ఆలోచించుకుని, ఇద్దరం పరీక్షలు చేయించుకుందామంది, చేయించుకున్నాం.

మార్కాపురం వెళ్ళినప్పుడల్లా దుకాణానికి వెళ్ళేవాడిని. వెళ్ళిన ప్రతిసారీ, జనం లేనప్పుడు చూసి ఒకే మాట అడిగేవాడిని. “అత్తా, ఆమె ఎట్లుంది?” ఆమె ప్రతిసారీ, “ఎవరు?” అనేది. మొదట్లో గుర్తు లేదేమో అనుకుని గుర్తు చేయబోయాను. చేతిలో ఉన్న మాత్రల అట్టతో బల్ల మీద ఒక్కటి కొట్టింది. “నాకు రోజుకు నూరుమంది వస్తారు అల్లుడా. ఎవరు ఎందుకొచ్చినారో మెట్లు దిగినాక నాకు యాదుండదు” అంది. దుకాణంలో ఏ మాత్ర ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలిగే మనిషి ఆమె.

కిందటేడు ఆమెకు జబ్బు చేసిందని తెలిసి చూడటానికి వెళ్ళాను. దుకాణం మీది ఇంట్లో, మంచం మీద, సగమైపోయి ఉంది. గొంతు మాత్రం అంత పాడవలేదు. కోడలు కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. ఇక మళ్ళీ అడిగే అవకాశం రాదని నాకు తెలుసు. మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

“అత్తా, ఈ ఒక్కసారి చెప్పు. ఆమెకు పిల్లలున్నారా? ఉన్నారో లేదో, అంతే. ఇంకేం అడగను.”

ఆమె నా మొహంలోకి చూసింది. ఎవరని అడగలేదు.

“నేను చెప్తే నీ బరువు దిగుతది. దానికే గదా అడుగుతున్నావు?”

“అవునత్తా.”

“నీ బరువు దింపేదానికి ఆ పిల్ల గుట్టు ఇమ్మంటావా?”

ఆమె నా చేతి మీద రెండుసార్లు తట్టింది. కోడలు కాఫీ తెచ్చింది. అత్త మా పిల్లల చదువుల గురించి అడిగింది, మా నాయన పోయినందుకు బాధపడింది. నెల తిరక్కుండానే ఆమె కూడా పోయింది.

నాకు ఇప్పటికీ తెలియదు. ఆ అమ్మాయి ఎక్కడుందో, నేను చెప్పింది సమయానికే చెప్పానో, ఆలస్యమైపోయిందో, ఆమె ఇంట్లో పిల్లలు ఉన్నారో లేరో తెలియదు. మార్కాపురంలో ఏ పాత స్నేహితుడిని కదిపినా సాయంత్రానికల్లా తెలిసిపోతుంది. కానీ నాలాంటివాడు ఒక ఆడమనిషి గురించి ఎందుకు అడుగుతున్నాడని వాళ్ళొక మాట అనుకుంటారు, ఆ మాట తిరిగి తిరిగి ఆమె గుమ్మం దాకా పోతుంది. బాగుండే ఉంటుందని అనుకుంటాను. మా పిల్లలు ఇంట్లో గోల చేస్తుంటే ఒక్కోరోజు అలా అనుకోవడం నావల్ల కాదు. అలాంటి రోజున కూడా ఎవరినీ అడగను.